చేనేత చీర: ఏ మార్కు ఏం చెబుతుంది, ఎక్కడ కొంటే నేసినవారికి కూలి చేరుతుంది

చేనేత అని చెప్పి అమ్మే చీర ముందు నిలబడినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. చేమగ్గం మీద నేసిందేనా? నూలు ఏమిటి? ఏ ఊళ్లో నేశారు? నేసినవారికి కూలి గిట్టిందా? షాపులో ఈ నాలుగింటికీ కలిపి ఒకటే మాట వినిపిస్తుంది: "మార్కు ఉందండీ, చూసుకోండి." చిక్కంతా అక్కడే ఉంది. చీరల మీద కనిపించే ఒక్కో మార్కు పై ప్రశ్నల్లో ఒకదానికో రెండింటికో జవాబిస్తుంది. నాలుగో ప్రశ్నకు మాత్రం మన దుకాణాల్లో సాధారణంగా కనబడే ఏ మార్కూ జవాబివ్వదు. దానికి జవాబు కొనే చోటులో, అడిగే ప్రశ్నల్లో, చేతి లెక్కలో వెతుక్కోవాలి.

ఈ నాలుగో ప్రశ్న ఎందుకంత ముఖ్యమో ఒక అంకె చెబుతుంది. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనివారు 35.22 లక్షల మంది. ఆ కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతులకు నెల ఆదాయం రూ.5,000 దాటలేదు. షోరూములో వేలకు వేలు పలికే చీరల వెనకున్న ఇళ్ల పరిస్థితి ఇది.

మార్కులు: ఏది దేనికి హామీ

హ్యాండ్లూమ్ మార్క్ 2006లో మొదలైంది. టెక్స్‌టైల్స్ కమిటీ దీన్ని ఇస్తుంది. ఇది చెప్పేది ఒక్కటే, బట్ట చేమగ్గం మీద తయారైందని. నూలు పట్టో పత్తో, కూలి ఎంతో దీనికి పట్టదు. ప్రతి చీరకూ విడిగా లేబుల్ ఉండాలి, దాని మీద నంబరు ఉండాలి. కౌంటరు సొరుగులోంచి కట్టగా తీసి, మీరు అడిగాక చీర మీద పెట్టే లేబుల్‌ను లెక్కలోకి తీసుకోకండి. చీరకు కుట్టి ఉన్నదాన్నే చూడండి.

ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ 2015 ఆగస్టు 7న, తొలి జాతీయ చేనేత దినోత్సవం నాడు వచ్చింది. నూలు, నేత, రంగు నిలవడం లాంటి నాణ్యత పరీక్షలు దాటిన వస్తువుకే ఇస్తారు. చేనేతా, నాణ్యతా రెండూ కావాలంటే హ్యాండ్లూమ్ మార్క్ కంటే ఇది మెరుగు. దుకాణాల్లో కనబడేది మాత్రం తక్కువ.

ఎక్కువమంది పొరబడేది సిల్క్ మార్క్ దగ్గర. కేంద్ర పట్టు మండలి తరఫున 2004 నుంచి ఇస్తున్న ఈ మార్కు ఆ బట్టలో పట్టు అసలుదని మాత్రమే చెబుతుంది. మరమగ్గం మీద నేసిన అసలు పట్టు చీరకూ ఈ మార్కు న్యాయంగానే వస్తుంది. పెళ్లి పట్టుచీర కొనేటప్పుడు "సిల్క్ మార్క్ ఉంది కాబట్టి చేనేతే" అని షాపువాళ్లు అంటే, ఆ మాటలో మొదటి సగమే నిజం. పట్టు చేనేత చీరకు సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ రెండూ ఉండాలి.

భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, ఊరికి సంబంధించినది. పోచంపల్లి ఇక్కత్ (నేయకముందే నూలుకు బొమ్మ ప్రకారం రంగు వేసే పద్ధతి) దేశంలో తొలి జీఐల్లో ఒకటి. ఆ తర్వాత ఉప్పాడ జామ్దానీ, వెంకటగిరి, గద్వాల, నారాయణపేట, మంగళగిరి, ధర్మవరం, సిద్దిపేట గొల్లభామ, తేలియా రుమాలు చేరాయి. జీఐ ఉన్న పేరుతో అమ్మడానికి నమోదైన వాడుకదారులుంటారు. "మీరు నమోదైన వాడుకదారులా, నంబరెంత?" అని అడగవచ్చు. కానీ జీఐ వచ్చినంత మాత్రాన పోచంపల్లి నమూనాను పాలిస్టర్ మీద అచ్చువేసి అమ్మడం ఆగలేదు. మార్కెట్లో "ఇక్కత్" అని ఉన్నదానికీ "పోచంపల్లి ఇక్కత్ జీఐ" అని ఉన్నదానికీ తేడా చూడండి.

ఖాదీ మార్క్ మిగతావాటికంటే ఒక మెట్టు వెనక్కి వెళ్లి నూలు వడికిన చేతి గురించి కూడా చెబుతుంది. చేనేతలో నూలు మిల్లుదై ఉండవచ్చు, ఖాదీలో నూలు కూడా చేతివడుకే కావాలి. ఇందులోనూ తేడాలున్నాయి. ఖాదీ భండారుల్లోనే పాలీవస్త్ర పేరుతో పాలిస్టర్ కలిపిన బట్ట అమ్ముతారు, లేబుల్ చదవకపోతే తెలియదు. మరో కొస పొందూరు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, ఒంటి కదురు రాట్నం మీద సన్నటి నూలు తీస్తారు. ఆ పనికి పట్టే రోజులు తెలిసినవారు ఆ పంచె ధర చూసి ఆశ్చర్యపోరు.

అంతర్జాతీయ మార్కుల్లో గాట్స్, అంటే ప్రపంచ సేంద్రియ జౌళి ప్రమాణం, సేంద్రియ పత్తికి, దాని ప్రాసెసింగుకు వర్తిస్తుంది. కార్మికుల పని పరిస్థితుల నియమాలు కూడా అందులో ఉన్నాయి. "ఆర్గానిక్" అని రాయాలంటే సేంద్రియ నార 95 శాతం, "ఆర్గానిక్ పత్తితో చేసినది" అని రాయాలంటే 70 శాతం ఉండాలి. ఇళ్లలో నేసే చీరల మీద ఇది దాదాపు కనబడదు, ఆ సర్టిఫికెట్ ఖర్చు ఒక చిన్న సంఘం భరించలేదు. పిల్లల బట్టలు, దుప్పట్లు, టీషర్టులు కొనేటప్పుడు పనికొస్తుంది. లేబుల్ మీది లైసెన్సు నంబరును గాట్స్ బహిరంగ జాబితాలో సరిచూసుకోండి. ఈ మాట ఊరికే అనడం లేదు. 2020లో గాట్స్ సంస్థే మన దేశంలో 20,000 టన్నుల పత్తికి దొంగ సేంద్రియ పత్రాలు పుట్టాయని బయటపెట్టింది.

ఇక ఫెయిర్‌ట్రేడ్, అంటే న్యాయమైన వ్యాపారం. పత్తి బట్ట మీద ఫెయిర్‌ట్రేడ్ కాటన్ గుర్తు ఉంటే, పత్తి రైతుకు కనీస ధర, దానిపైన ఊరి పనులకు ప్రీమియం అందాయని అర్థం. కుట్టినవారి, నేసినవారి జీతం గురించి ఆ గుర్తు మాట్లాడదు. పత్తి నుంచి బట్ట దాకా మొత్తం గొలుసు కోసం 2016లో వేరే టెక్స్‌టైల్ ప్రమాణం పెట్టారు, దాని కింద వచ్చే సరుకు ఇంకా అరుదు. ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ, అంటే డబ్ల్యూఎఫ్‌టీఓ ఇచ్చే గుర్తు వేరు. అది వస్తువుకు కాకుండా అమ్మే సంస్థ మొత్తానికి, పది సూత్రాల మీద వస్తుంది. గిట్టుబాటు చెల్లింపు ఆ పదింటిలో ఒకటి. మన నాలుగో ప్రశ్నకు దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న తెలుగువారికి అక్కడి ఫెయిర్ ట్రేడ్ దుకాణాల్లో ఇది కనబడుతుంది. హైదరాబాద్ చీరల షాపులో వెతికితే దొరకదు.

ఎవరి దగ్గర కొనాలి

మార్కుకంటే ఎక్కువ తేడా తెచ్చేది కొనే చోటు. అదే చీర, అదే మగ్గం, దారి మారితే నేతగాడి చేతికి వచ్చేది మారుతుంది.

చేనేత సహకార సంఘంలో నూలు సంఘం ఇస్తుంది, నేసి తెచ్చినప్పుడు రకాన్నిబట్టి కూలి కట్టిస్తుంది. రేటు పుస్తకంలో ఉంటుంది, పొదుపు నిధి, బీమా లాంటివి సభ్యత్వంతో ముడిపడి వస్తాయి. తెలంగాణలోని పొదుపు పథకంలో నేతన్న తన కూలిలో 8 శాతం వేస్తే ప్రభుత్వం దానికి రెట్టింపు వేసేలా పెట్టారు. మంచి సంఘంలో కొంటే పారదర్శకత ఎక్కువ. లోపాలూ ఉన్నాయి. కొన్ని సంఘాలు కాగితం మీదే బతికున్నాయి. కొన్నింటిలో సభ్యులు వందల్లో ఉన్నా నడిచే మగ్గాలు పదుల్లోనే. ఆప్కో లాంటి రాష్ట్ర సంస్థలు కొన్న సరుకుకు డబ్బు ఆలస్యమైతే ఆ ఆలస్యం చివరికి కూలి మీదే పడుతుంది. అందుకని సంఘంలో అడగాల్సినవి మూడు: ఈ నెల ఎన్ని మగ్గాలు నడిచాయి, ఈ రకానికి కూలి రేటెంత, చివరిసారి రేటు ఎప్పుడు పెంచారు. బతికున్న సంఘంలో మేనేజరు రిజిస్టరు తీయకుండానే చెప్పేస్తారు. "అవన్నీ మీకెందుకండీ" అనే చోట కొనాల్సిన పనిలేదు.

మార్కెట్లో కనబడే చేనేత చీరల్లో ఎక్కువ భాగం మాస్టర్ వీవర్ల ద్వారా వచ్చినవే. పెట్టుబడి, నూలు, డిజైన్ ఆయనవి. మగ్గం నేతగాడి ఇంట్లో ఉంటుంది, చీరకు ఇంత అని కూలి ఇస్తారు. ఈ పద్ధతిని దోపిడీ అని ఒక్క మాటలో కొట్టిపారేయడం సరికాదు. ఏడాది పొడవునా పని చూపించే మాస్టర్ వీవర్, మూడు నెలల పని చూపించే సంఘంకంటే కుటుంబానికి మేలు. చెడేది రెండు చోట్ల. ఒకటి బాకీ: పెళ్లికో వైద్యానికో ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా వేరేవారికి నేయకూడదంటే, కూలి పెంచమని అడిగే బలం పోతుంది. రెండోది కోత: రంగు తేడా, పోగు తెగడం లాంటి లోపానికి కూలిలో తగ్గించడం. రంగు తేడా అద్దకంలో వచ్చినా కోత నేతగాడికే పడుతుంది. మాస్టర్ వీవర్ దగ్గర కొంటే ఈ రెండూ అడగండి. ఆయన మగ్గాలు ఏ ఇళ్లలో ఉన్నాయో చూపించడానికి ఇష్టపడతారా అన్నది ఇంకా మంచి పరీక్ష.

నేరుగా నేతగాడి ఇంట్లో కొనడం ఆదర్శంగా కనిపిస్తుంది. సొంత నూలుతో నేసేవారైతే నిజంగానే మేలు, మధ్యలో పోయే వాటా వారికే మిగులుతుంది. కానీ నూలు ధర పెరుగుదల, అమ్ముడుపోని సరుకు, పెట్టుబడి వడ్డీ అన్నీ వారి నెత్తినే ఉంటాయి. ఇంటికి వెళ్లి, షోరూము ధరలో సగం చెప్పి, అందులోంచి మళ్లీ మూడు వందలు తగ్గించమని బేరమాడితే తగ్గేది లాభం కాదు, ఇంట్లో ఆడవాళ్లు ఆసు పోసి (నూలును మేకుల చుట్టూ తిప్పి), కండెలు చుట్టిన కూలి. సాధారణంగా ఆ పనికి లెక్కే ఉండదు, బేరంలో మొదట మాయమయ్యేదీ అదే. నేరుగా కొనేటప్పుడు బేరం మానేయండి, సగం డబ్బు ముందే ఇవ్వండి. మరో మెలకువ: వానాకాలంలో గుంట మగ్గాల్లో నీరూరుతుంది, గంజిపెట్టిన పడుగు (మగ్గం మీద నిలువు పోగులు) ఆరదు, నేత నెమ్మదిస్తుంది. శ్రావణమాసం చీరకు ఆర్డరు వేసవిలోనే ఇవ్వాలి. చివరి వారంలో తొందరపెడితే అద్దకం సరిగా ఆరక రంగు వదులుతుంది.

ధరను కింది నుంచి పైకి కట్టే సంస్థలు కొన్ని ఉన్నాయి. అంటే నూలు, అద్దకం, ఆసు, నేత కూలి ముందు కలిపి, దాని మీద నిర్వహణ ఖర్చు వేసి ధర పెట్టేవి. హైదరాబాద్ కేంద్రంగా దస్త్కార్ ఆంధ్ర ఈ పద్ధతిలో సంఘాలతో పనిచేస్తూ 'దారం' అనే పేరున్న తన దుకాణాల ద్వారా అమ్ముతుంది. మల్ఖా అనే సంస్థ మరో అడుగు వెనక్కి వెళ్తుంది. పత్తిని బేళ్లుగా గట్టిగా నొక్కకుండా, చిన్న యంత్రాల మీద వడికి, ఆ నూలు చేమగ్గాలకిచ్చి సహజ రంగులతో నేయిస్తుంది. ఇక్కడ ఎంపిక తక్కువ, జరీ మెరుపు కావాలనుకునేవారికి నచ్చకపోవచ్చు. రోజూ కట్టుకునే నూలు చీర, కుర్తా గుడ్డ కావాలంటే మొదట చూడాల్సింది ఇలాంటి చోట్లే.

ఎక్స్‌పోల్లో సంఘాల స్టాళ్ల పక్కనే మరమగ్గం చీరల స్టాళ్లూ ఉంటాయి. గేటు దగ్గర చేనేత బోర్డున్నా, ప్రతి స్టాల్‌నూ విడిగా పరీక్షించాలి. పెద్ద షోరూముల్లో ఒకే అరలో రెండు రకాలూ కలిసి ఉంటాయి, అమ్మే కుర్రవాడికి తేడా తెలియకపోవచ్చు కూడా. అక్కడ బిల్లు మీద రాయించుకోవడమే రక్షణ. దాని సంగతి చివర్లో వస్తుంది.

ఆన్‌లైన్‌లో చేనేత అని వెతికితే ముందు వచ్చేవి "హ్యాండ్లూమ్ ఫినిష్", "ఇక్కత్ ప్రింట్", "సాఫ్ట్ సిల్క్", "ఆర్ట్ సిల్క్". వీటిలో ఒక్కటీ చేనేతకు హామీ కాదు. ఆర్ట్ సిల్క్ అంటే కృత్రిమ పట్టు, విస్కోసో పాలిస్టరో. కేంద్ర జౌళి శాఖ నడిపే ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్‌లో నేతగాళ్లు, సంఘాలు నేరుగా అమ్ముతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవారిని అడగాల్సింది చీర వెనకవైపు, అంచు దగ్గరి వీడియో. ఫొటోలో ముందువైపు అన్నీ ఒకేలా ఉంటాయి.

చేతి లెక్క

నాలుగో ప్రశ్నకు జవాబు అంచనా వేయడానికి ఒక భాగహారం చాలు. చీరకు ఇచ్చే కూలిని, ఆ చీర మీద ఇంటిల్లిపాది పెట్టిన పనిదినాలతో భాగించాలి. నేత దినాలు మాత్రమే లెక్కేస్తే తప్పు వస్తుంది. పడుగు సర్దడం, అచ్చులో (పోగులను విడదీసే దువ్వెనలాంటి చట్రంలో) పోగులు అతకడం, కండెలు చుట్టడం కూడా చేర్చాలి.

ఒక సాదా నూలు చీర నేయడానికి రెండు రోజులు, ఇంట్లో మరొకరి సాయం ఒక రోజు అనుకుంటే మూడు పనిదినాలు. కూలి రూ.700 ఇస్తే రోజుకు రూ.233. పోల్చుకోవడానికి: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలి 2024-25లో రోజుకు రూ.300. ఏళ్ల తరబడి నేర్చుకున్న నైపుణ్యానికి మట్టి పనికంటే తక్కువ వస్తోందన్నమాట. అదే చీరకు కూలి కనీసం రూ.900 ఉంటే ఉపాధి హామీతో సమానం. అంతకు పైన వచ్చేదే నైపుణ్యానికి విలువ.

ఇక్కత్‌కు లెక్క ఇంకా కఠినం. పోచంపల్లి వైపు ఒక చాపుకు (మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగుకు) ఏడెనిమిది చీరలు వస్తాయి, ఆసు నుంచి నేత దాకా నెల మీద పది రోజులు పడుతుంది, ఇంట్లో ఇద్దరి పని తప్పదు. 40 రోజులు, ఇద్దరు, 7 చీరలు అంటే చీరకు పదకొండున్నర పనిదినాలు. రోజుకు రూ.300 చొప్పున వేసినా చీరకు కూలే దాదాపు రూ.3,430. దానికి పట్టు నూలు, రంగులు, జరీ, మధ్యలో అమ్మేవారి ఖర్చు కలవాలి. పడుగూ పేకా (అడ్డపోగులు) రెండూ ఇక్కత్ చేసే డబుల్ ఇక్కత్‌కు ఇంకా ఎక్కువ రోజులు. కాబట్టి రూ.3,000కు "అసలు పోచంపల్లి డబుల్ ఇక్కత్ పట్టు" అంటే రెండే దారులు: అది అచ్చు వేసిన బట్ట, లేదా ఎవరి కూలో ఎగ్గొట్టారు. ఉప్పాడ జామ్దానీలో పనినిబట్టి పది రోజుల నుంచి అరవై రోజుల దాకా ఇద్దరు కూర్చుని నేస్తారు, లెక్క మీరే కట్టుకోవచ్చు.

ఆసు గురించి ఒక మాట చెప్పకపోతే ఈ లెక్క అసంపూర్ణం. ఇక్కత్ చీరకు నూలును అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ తిప్పాలి. ఒక చీరకు చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడుతుంది, నాలుగైదు గంటల పని. తరతరాలుగా ఇది ఆడవాళ్ల భుజాల మీదే నడిచింది. చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రం గంటన్నరలో అదే పని చేస్తుంది. యంత్రం మీద ఆసు పోస్తే చీర చేనేత కాకుండా పోదు, నేత మగ్గం మీద చేత్తోనే సాగుతుంది. చేతి ఆసు అని ఎక్కువ ధర చెప్పేవారికంటే, ఆసు యంత్రం వాడామని చెప్పి ఆడవాళ్లకు విడిగా కూలి కట్టేవారి దగ్గర కొనడం మేలు.

సంఘాల్లో ఇంకో ప్రశ్న: నేతగాడి భార్యకు సభ్యత్వం ఉందా? మొదట చెప్పిన చేనేత గణనలోనే నేతపనివారిలో ఎక్కువమంది మహిళలు. సభ్యత్వం, గుర్తింపు కార్డు మగవారి పేరున ఉంటే పొదుపు, బీమా అన్నీ ఆ పేరుకే పోతాయి.

చేత్తో పరీక్షలు

ముందు చీర తిరగేయండి. ఇక్కత్‌లో నూలుకే రంగు వేస్తారు కాబట్టి రెండువైపులా ఒకే గాఢత ఉంటుంది, బొమ్మ అంచుల్లో రంగు కాస్త చెదిరినట్టు కనబడుతుంది. అచ్చు వేసిన దానికి వెనకవైపు పాలిపోతుంది. ఇంకా అనుమానముంటే కొంగు చివర్న ఒక పోగు లాగి పురి విప్పండి. అచ్చు బట్టలో రంగు పైపైనే ఉండి లోపల తెల్లగా తేలుతుంది.

అంచు చూడండి. పేక పోగులు అంచు దగ్గర తెగి కుచ్చులా ఉంటే అది నాడె (పేకను అటూ ఇటూ తీసుకెళ్లే సాధనం) లేని ఆధునిక మరమగ్గం పని, ఇక సందేహం లేదు. అంచు మూసుకుని ఉంటే మాత్రం చేనేతే అని తేల్చలేం, నాడెతో నడిచే పాత మరమగ్గాలూ అలాగే నేస్తాయి. అంచుల వెంట వరుసగా చిన్న సూది రంధ్రాలు చేనేతకు గుర్తని చెబుతారు. మగ్గం మీద గుడ్డ వెడల్పు నిలపడానికి గుచ్చే పుల్ల వల్ల అవి వస్తాయి. మరమగ్గాల్లోనూ అలాంటి పరికరం ఉంటుంది కాబట్టి ఇది ఒక సూచనే.

గద్వాల, కుప్పడం అంచు చీరల్లో మంచి పరీక్ష ఉంది. ఒంటికి, అంచులకు వేర్వేరు నాడెలు వాడి, రెండు పేకలనూ కలిసే చోట ఒకదానిలో ఒకటి లంకె వేస్తారు. కాబట్టి ఒంటి రంగు అంచులోకి పాకదు, అతుకు గీత వేలికి తగులుతుంది. మరమగ్గం నకల్లో ఒకే పేక ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది, అందుకే అంచు రంగులో ఒంటి రంగు కలిసి మసకగా ఉంటుంది. జామ్దానీలో ప్రతి పువ్వుకూ చిన్న కండె వేరు, వెనక కూడా ముందంత శుభ్రంగా ఉంటుంది. వెనక పొడుగు పోగులు వేలాడినా, వాటిని కత్తిరించిన కొసలు గుచ్చుకున్నా అది జామ్దానీ కాదు.

నార తెలుసుకోవడానికి ఒక పోగు కాల్చి చూడండి. పత్తి కాగితంలా మండి మెత్తని బూడిదవుతుంది. పట్టు కాలిన వెంట్రుక వాసన వేసి, మంట తీయగానే ఆరుతుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అంటుకుంటుంది. పడుగు పోగు, పేక పోగు విడివిడిగా కాల్చండి, పడుగు పట్టు పెట్టి పేకలో పాలిస్టర్ వేయడం మామూలే. జరీ పోగు గీకితే ఎర్ర పట్టు దారం తేలడం అసలు జరీకి పాత గుర్తు, తెల్లని పాలిస్టర్ దారం తేలితే నకలు.

మరమగ్గం చీర కొనడం తప్పా

కాదు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవారూ కూలి మనుషులే, ఆసామి (మగ్గాల యజమాని) దగ్గర మీటరు లెక్కన పని చేస్తారు, ఆర్డర్లు ఆగితే పస్తులే. మరమగ్గం చీరను మరమగ్గం చీర అని చెప్పి, ఆ ధరకే అమ్మితే ఎవరికీ అన్యాయం లేదు. చేనేత పేరు పెట్టి అమ్మినప్పుడు ఇద్దరూ నష్టపోతారు: చేనేతకారులు మార్కెట్ పోగొట్టుకుంటారు, మరమగ్గం కార్మికుడికి ఆ అదనపు ధరలో పైసా రాదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టాన్ని సుప్రీంకోర్టు 1993లో సమర్థించింది, దాని కింద ఇప్పుడు కొన్ని రకాల చీరలు, ధోవతులు, తువ్వాళ్లు, లుంగీలు, దుప్పట్లు వంటి 11 వస్తువులు చేమగ్గానికే కేటాయించి ఉన్నాయి.

బడ్జెట్ తక్కువైతే మా సలహా ఇది. పట్టు నకలు ఒకటి కొనేకంటే అదే డబ్బుతో సాదా చేనేత నూలు చీర, లేదా రెండు చేనేత తువ్వాళ్లు, ఒక లుంగీ కొనండి. నూలు రకాలు నేసేవారు ఎక్కువమంది, వారికే పని తక్కువ.

రంగు, పత్తి

సహజ రంగు అంటే ఎలాంటి హాని లేదని అనుకోవద్దు. రంగు పట్టడానికి ఏం కలిపారని అడగండి. కరక్కాయ, పటిక, అన్నభేది అంటే సరే. క్రోమియం లవణాలు వాడితే చెట్టు రంగైనా నీటికి చేటే. రసాయన రంగుల్లో క్యాన్సర్ కారక అమైన్లు విడిచే 112 అజో రంగులను మన దేశం 1997 నాటికే నిషేధించింది. వ్యాట్, రియాక్టివ్ రంగులని (నూలుకు గట్టిగా పట్టే రకాలివి) చెప్పగలిగిన అద్దకందారు దగ్గరి సరుకు నమ్మదగ్గది. కలంకారీ అని అమ్మేవాటిలో చాలావరకు స్క్రీన్ ప్రింటే. శ్రీకాళహస్తి కలం పనికి, మచిలీపట్నం చెక్క అచ్చుకు విడివిడిగా జీఐలున్నాయి, ఏదో చెప్పమనండి.

పెద్ద ఆర్డరు ఇచ్చేవారికి

పెళ్లికి వంద చీరలు, ఆఫీసుకు మూడు వందల తువ్వాళ్లు కొనేవారి చేతిలో ఒక్కో చీర కొనేవారికంటే బలం ఎక్కువ, హాని చేసే వీలూ ఎక్కువే. కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి. అడ్వాన్సు కనీసం సగం, ఎందుకంటే నూలు ముందే కొనాలి. నూలు ధర మధ్యలో పెరిగితే ఎవరు భరిస్తారో రాయాలి. స్పిన్నింగ్ మిల్లులు చేమగ్గాలకు పనికొచ్చే చిలపల (చుట్టిన నూలు కట్టల) రూపంలో ఇవ్వాల్సిన నూలు వాటాను కేంద్రం 2019లో 40 శాతం నుంచి 30 శాతానికి తగ్గించింది, కాబట్టి కొరత వచ్చినప్పుడు ధర ఎగురుతుంది. లోపమంటే ఏమిటో నమూనా ముక్కతో ముందే ఒప్పుకోవాలి, ఒక పోగు లావు తేలిందని వెనక్కి పంపకూడదు, అది చేనేత స్వభావం. మిగతా డబ్బు ఎప్పుడిస్తారో తేదీ ఉండాలి. సంఘమో నేతగాడో ఉద్యం (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) చేసుకుని ఉంటే, చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. కంపెనీ కొంటే, గడువు దాటిన బాకీని ఆ ఏడాది ఖర్చుగా ఆదాయపు పన్నులో చూపించే వీల్లేదు. అకౌంట్స్ వాళ్లకు ఈ ఒక్క మాట చెబితే చెల్లింపు కదులుతుంది.

తగ్గింపు ధరల పండగ అమ్మకాల్లో ఒకటే అడగండి: ఈ 30 శాతం ఎవరు భరిస్తున్నారు? ప్రభుత్వం తిరిగి ఇస్తుందంటే సరే, కానీ ఆ డబ్బు ఎప్పుడొస్తుందో సంఘాన్ని అడిగితే తెలుస్తుంది. నేసినవారి కూలి తగ్గించి పెట్టిన రిబేటైతే పూర్తి ధరకే తీసుకోండి.

బిల్లు, ఫిర్యాదు

బిల్లులో "పట్టు చీర 1" అని రాస్తే తర్వాత ఏమీ చేయలేరు. "చేనేత, పూర్తి పట్టు, పోచంపల్లి" అని, హ్యాండ్లూమ్ మార్క్, సిల్క్ మార్క్ నంబర్లతో సహా రాయించండి. రాయడానికి వెనకాడితే ఆ చీర వదిలేయండి. ఇంటికొచ్చాక మోసమని తేలితే లేబుల్ తీయకుండా, ఉతక్కుండా ఉంచండి. ముందు షాపుకు రాతపూర్వకంగా తెలపండి, స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మరమగ్గం బట్టను చేనేతగా పెద్ద ఎత్తున అమ్ముతున్నారని తెలిస్తే జిల్లా చేనేత జౌళి శాఖ సహాయ సంచాలకుల కార్యాలయానికి బిల్లు నకలు, చీర వెనకవైపు ఫొటో, ఒక పోగు ముక్క జతచేసి ఫిర్యాదు ఇవ్వండి. అందినట్టు రసీదు తీసుకోండి.